పడవలో ఏడుదినములు

మన లింగంపల్లి స్టేషనులో సాయంకాలమున కాకినాడవైపు పోవు రైలెక్కినవారు మరునాడు తెల్లవారుజామునకు గోదావరి వంతెనపై నుందురు. నిదుర మేల్కొని కిటికీలోనుండి చూచినచో క్రింద విశాలమైన నదియు, దానిపై నొకటి రెండు పడవలును కానవచ్చును. వానిని గోడమీది పటమును చూచినట్లు చూచి మరచిపోవుదుము. కాని మన తాతముత్తాతల కాలమున ఆ ప్రాంతమందు ధాన్యమమ్ముకొనువాడును, కాలువలను తనిఖీ చేయు ఉద్యోగియు, సువార్త ప్రకటించువాడును పడవనే యెక్కవలసియుండెను. ఒక పూటకు మాత్రమే కాదు. కొన్నివేళల వారముదినములు దానిలోనే వండుకొని, తిని, పండుకొని, పనియు చేసికొనుచుండిరి. ఆ జీవన మెట్టిదో, దానివలన మనము తెలిసికొనవలసిన దేమో ఈ పాఠమున విచారింతము.

1. నీటిబాట

ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట 1847వ సంవత్సరమున ఆరంభమై 1852లో ముగిసెను. దానిని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855నాటికి పూర్తియయ్యెను. కాటన్ తలంపులో కాలువ యనగా పొలమునకు నీరు పారించునది మాత్రమే కాదు, సరకులను మనుష్యులను చేరవేయు బాటయు నదియే. కావున కాలువలను పడవలు పోవునంత లోతుగా త్రవ్వించి, నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టించిరి.

ఈ బాట యెంత పొడవో కొంత లెక్క చూడుడు. 2008వ సంవత్సరమున భారతప్రభుత్వము దీనిని నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించెను. అందు కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, ఉత్తర బకింగ్‌హామ్ కాలువ 316 కిలోమీటర్లు. కాకినాడలో పడవ యెక్కినవాడు ముందు ధవళేశ్వరము చేరును. అచట ఆనకట్టకు ఎగువనున్న నీటిపై నదిని దాటి విజ్జేశ్వరమువద్ద పడమటి కాలువలో ప్రవేశించును. ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణను దాటి, కొమ్మమూరు కాలువలో పోయి, పెదగంజామువద్ద బకింగ్‌హామ్ కాలువలో పడి, చెన్నపట్టణము చేరును. ఈ నాలుగు కాలువల మొత్తము 618 కిలోమీటర్లు.

ఇప్పుడు కాకినాడనుండి బెజవాడవరకే లెక్కింతము. రెండు కాలువలును కలిసి 189 కిలోమీటర్లు. గాలి లేనపుడు పడవను మనుష్యులు గట్టుపై నడచుచు త్రాటితో లాగవలెను. అట్లు లాగువారు గంటకు 3 కిలోమీటర్లు పోదురనియు, దినమునకు 10 గంటలు నడతురనియు అనుకొందము. దినమునకు 30 కిలోమీటర్లు సాగును. ఆరుదినములకు 180 కిలోమీటర్లు. తక్కిన 9 కిలోమీటర్లకు ఏడవ దినము కావలెను. మన పాఠమునకు పేరు ఈ లెక్కనుండియే వచ్చినది.

2. పడవ, దాని పరికరములు

పడవ వెనుకభాగమునకు అమరమని పేరు. మన ప్రభువు తుపానులో దోనె అమరమున నిద్రించెనని మార్కు సువార్త నాలుగవ అధ్యాయమున చదివియున్నారు. అచటనే చుక్కాని యుండును. దానిని పట్టినవాడు పడవ త్రిప్పవలసిన దిక్కునకు త్రిప్పును. నడుమ నిలిపిన కొయ్యకు తెరచాప కట్టుదురు. నీరు లోతు లేనిచోట గడవేసి నెట్టుదురు. నిలుపవలసినచోట లంగరు దించుదురు. గాలియు లేక, గడయు చాలనప్పుడు త్రాడే గతి.

తెరచాపయుండగా త్రాడేల యని మీరడుగవచ్చును. పడవ గాలికి నేరుగా ఎదురు పోజాలదు. ఎదురుగాలిలో ముందునకు సాగవలెనన్నచో ఒకసారి కుడివైపునకు ఏటవాలుగా, ఒకసారి ఎడమవైపునకు ఏటవాలుగా పోవుచు క్రమముగా ముందునకు రావలెను. వెడల్పైన నదిపై నిది సాధ్యము. ఇరుకైన కాలువలో నాలుగు బారలు పోవునప్పటికి గట్టు తగులును. కావున కాలువలో గాలి అనుకూలమైన నాడు తెరచాప, ప్రతికూలమైన నాడు మనుష్యుని భుజము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

లాకు యనగా రెండువైపుల తలుపులు గల రాతిగది. క్రిందినుండి పైకి పోవు పడవ గదిలో ప్రవేశింపగానే వెనుక తలుపులు మూయుదురు. పిదప పైవైపు తూములు తెరతురు. గదిలోని నీరు మెల్లగా నిండి పైమట్టముతో సమానమగును. నీటితోపాటు పడవయు లేచును. అప్పుడు ముందు తలుపులు తెరతురు. పైనుండి క్రిందికి దిగునపుడు దీనికి విపర్యయము. తలుపులు రెండును కలియునపుడు వాని మొన ఎగువవైపునకు ఉండును. నీరు ఎంత బలముగ నెట్టినను అవి మరింత బిగియునే గాని తెరచుకొనవు. యంత్రము లేదు, నిప్పు లేదు. నీటి బరువే నీటిని కాయును.

3. గాలియు, పోటుపాటులును

సముద్రతీరమున పడవ నడుపువాడు సూర్యుని చూచి గాలిని చెప్పగలడు. పగటి యెండకు నేల త్వరగా వేడెక్కును, నీరు ఆలస్యముగా వేడెక్కును. నేలపైనున్న గాలి వేడెక్కి పైకి లేవగా, ఆ చోటునకు సముద్రమునుండి చల్లగాలి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లారును; అప్పుడు గాలి నేలనుండి సముద్రమువైపునకు వీచును. కావున జాలరి తెల్లవారకముందే నేలగాలితో సముద్రముపైకి పోయి, మధ్యాహ్నము తిరిగిన పిమ్మట సముద్రపుగాలితో ఇల్లు చేరును. ఉద్యోగమునకు పోవుటయు వచ్చుటయు సూర్యుడే యేర్పరచిన సమయమున జరుగును.

నదీముఖమున మరియొక గడియారము కలదు. అది పోటుపాటు. చంద్రసూర్యుల ఆకర్షణచే సముద్రపునీరు దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ ఇంచుమించు 12 గంటల 25 నిమిషములు పట్టును. పోటువేళ పడవ ఎగువకు సులభముగా సాగును. పాటువేళ దిగువకు సాగును. వేళ తప్పినవాడు బురదలో కూరుకొని మరల పోటు వచ్చువరకు వేచియుండవలెను. మనము ఆలస్యముగా పోయి బస్సు తప్పినచో వెనుక మరియొకటి వచ్చును. పోటు తప్పినవానికి సగము దినము పోవును.

4. పడవలోని సంసారము

పడవలో వారముండవలసినవాడు బయలుదేరుటకు ముందే కొలతలు నేర్వవలెను. అయిదుగురు మనుష్యులున్నారనుకొనుడు. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు 5 లీటర్ల నీరు పట్టునన్నచో దినమునకు 25, వారమునకు 175 లీటర్లు. కాలువలో పోవువాడు కాలువనీటిని కాచి త్రాగవచ్చును. సముద్రపుమొగలో చుట్టును నీరేయైనను అది ఉప్పునీరు. మంచినీరంతయు కుండలలో వెంట రావలెను. అట్టిచోట చెంబెడు నీరు ఒలికినను ఇంటివారందరును చూతురు.

చెక్కపడవలో నిప్పు వెలిగించుట మిక్కిలి జాగ్రత్తతో చేయవలసిన పని. ఇసుక పోసి దానిపై మట్టిపొయ్యి పెట్టి వండుదురు. గాలి హెచ్చిననాడు పొయ్యి వెలుగదు. అటుకులో చద్దియన్నమో ఆ పూటకు ఆధారము. పడవలో దేని చోటు దానికే. త్రాడు చుట్టి పెట్టకున్న చీకటిలో కాలికి తగులును. కత్తి యెక్కడనో పెట్టి మరచినచో వల చిక్కుపడినవేళ దొరకదు. శుభ్రతను గూర్చియు క్రమమును గూర్చియు మనము బడిలో గోడలపై వ్రాసి నేర్పుదుము. పడవలో నది ప్రాణావసరము.

5. పడవపై ఉద్యోగము చేసినవారు

1836లో బౌడెన్, బీర్ అను ఇరువురు ఆంగ్లేయులు గ్రోవ్స్‌తోకూడ మనదేశమునకు వచ్చి, తరువాత నరసాపురమున గోదావరి డెల్టా మిషనును నెలకొల్పిరి. 1874లో మెక్‌లారిన్ కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను పని నారంభించెను. కాలువలు సాగిన పిమ్మట ఆ డెల్టాలో పనిచేసిన మిషనెరీలు గదివలె కప్పువేసిన పడవలలో సంచరించుచుండిరి. ఊరిప్రక్కన పడవ నిలుపుదురు. గట్టుదిగి వాడలోనికి పోయి బోధింతురు, రోగులకు మందిత్తురు, పిల్లలను కూర్చుండబెట్టి పాఠమొప్పగింపించుకొందురు. రాత్రికి మరల పడవయే ఇల్లు. మరునాడు వేరొక ఊరు. రోడ్డు లేని పల్లెకు బడి చేరినదన్నచో పడవయే దానిని చేర్చినది.

ఇట్టి ప్రయాణములను గూర్చి మనము గౌరవముతో చెప్పుకొందుము. అది న్యాయమే. కాని పైన జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన మాట నిపుడు తలచుకొనుడు. గాలి ప్రతికూలమైననాడు పడవను లాగిన భుజమెవరిది? కప్పుక్రింద కూర్చుండి ఉత్తరములు వ్రాసికొనువాని వారము ఏడవ దినమున ముగియును. త్రాడు లాగువాని వారము ముగియదు. మరునాడు మరియొకని సరకుతో అతడు తిరుగుప్రయాణము కట్టును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినపుడు అతనికి కూలియు లేదు. పడవలో నడచిన మహనీయుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. లాగినవారి పేర్లు నిలువలేదు.

బాటను త్రవ్వినవారి సంగతియు నట్టిదే. బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము 1876 మొదలు 1878 వరకు మనదేశమును పీడించిన కరవునాట త్రవ్వబడినది. అప్పుడు ఒంగోలులో నుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొర, తాను పూర్వము సర్వే పని నేర్చినవాడగుటచే, మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టునకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. మడతపెట్టిన చేతులతో అన్నము పెట్టించుకొనుటకంటె పనిచేసి తినుటయందు మనుష్యునికి మర్యాద కలదని ఆయన యెరిగెను. ఆ కాలువపై తరువాత ఎన్నివేల పడవలు తేలినవో; ప్రతి పడవక్రిందను ఆ పారల గుర్తు కలదు.

6. నావయే ఇల్లుగా గలవారు

ఇంతవరకు వారముపాటు పడవలో నుండినవారిని గూర్చి చెప్పితిమి. గౌతమీ గోదావరి సముద్రమును చేరు తావున, కోరంగి, తాళ్ళరేవు, భైరవపాలెము ప్రాంతముల జాలరులలో నావలయందే సంసారము చేసిన కుటుంబములు కలవు. చేప యెచట దొరకునో అచటికి నావ పోవును. నావతో భార్యయు బిడ్డలును పోవుదురు. రాజమహేంద్రవరము దిగువ రేవులలోను ఇట్టి కుటుంబముల పడవలు కానవచ్చును. భర్త వల వేయుచుండగా భార్య తెడ్డు పట్టును. వల తీయుచునే ప్రాకుచున్న బిడ్డపై నొక కన్ను వేసియుంచును.

ఈ పిల్లలు తెలివిలేనివారు కారు. ఏ మబ్బు వానమబ్బో, ఏ మబ్బు గాలిమబ్బో వారికి తెలియును. ఏ ముడి బిగియునో, ఏ ముడి ఒక్క లాగుతో విడివడునో తెలియును. నీటి రంగు చూచి లోతు చెప్పగలరు. పైన మూడవ ప్రకరణమున మనము పుస్తకముపట్టి నేర్చిన గాలిపాఠము వారికి తల్లిపాలతో వచ్చినది. కాని దానిని వ్రాయుమన్న వ్రాయలేనివారు వారిలో ననేకులు. కారణము సులభము. బడి యున్నచోట నావ నిలువదు. నావ నిలిచినచోట బడి లేదు. చదువు కావలెనన్నచో బిడ్డను గట్టున ముసలిదానియొద్ద విడువవలెను. విడువకున్న చదువు పోవును, విడిచిన తల్లి ఒడి పోవును. ఈ రెంటిలో నొకదానిని కోరుకొమ్మని యెవరును ఏ బిడ్డను అడుగరాదు.

కాలక్రమమున రోడ్లును లారీలును హెచ్చి కాలువలపై సరకుల పడవలు అంతరించినవి. జాలరుల నావలకు అనేకములకు ఇంజనులు వచ్చినవి. తెరచాప తగ్గినది. కాని కదలు ఇంటిలోని బిడ్డ సమస్య తెరచాపతోకూడ పోలేదు.

7. మన యూరి మాట

శేరిలింగంపల్లిలో చెరువులే కాని నదియు లేదు, కాలువయు లేదు, ఈ పాఠము మనకేల యని కొందరనుకొనవచ్చును. 1998లో సైబర్ టవర్స్ తెరచిననాటినుండి మన చుట్టును మేడలు లేచుచునేయున్నవి. మీ తలిదండ్రులలో ననేకులు ఆ మేడలలో పనిచేయుటకై దినదినము బాటపై చాలకాలము గడుపుచున్నారు. ఆ కాలము వ్యర్థమైనదని వారు వగచుట మీరు వినియుందురు. ఇంటినుండి దూరమై గడుపు కాలమగుటచేతనే అది వారికి బరువు. నావలోని వానికి బాటయందును ఇల్లు వెంటనుండును. ఆ యొక్క విషయమున అతడు ధనవంతుడు.

అయితే ఆ మేడలను కట్టువారి నెప్పుడైన చూచితిరా? పాలమూరునుండియు, ఉత్తరాంధ్రమునుండియు, ఒడిషా మొదలగు దూరదేశములనుండియు వచ్చిన కూలివారు ఆ గోడలప్రక్కనే రేకులషెడ్లలో కాపురముందురు. మేడ ముగియగానే షెడ్డు విప్పి మరియొక చోటికి పోవుదురు. అదియు నొక నావయే. చేపకు బదులు పని; పని యున్నచోటికి ఇల్లు కదలును. వారి బిడ్డలును ఇసుకకుప్పలపై ఆడుకొనుచు మన బడి బస్సును చూచుచుందురు. ఒక బడిలో చేరి అక్షరములు కూడబలుకుకొనునంతలో వారి ఇల్లు మరల లంగరెత్తును.

ఈ విషయమున చట్టము వారిపక్షమున నున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టముచే ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల ప్రాయముగల ప్రతి బిడ్డకును ఉచితవిద్య హక్కు. వయస్సు పత్రము లేదని బిడ్డను చేర్చుకొన నిరాకరింపరాదు. వెనుకటి బడినుండి బదిలీ పత్రము వచ్చుట ఆలస్యమైనదన్న సాకునను నిరాకరింపరాదు. బడి మానిన బిడ్డను అతని వయస్సునకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠములకు ప్రత్యేకముగా బోధింపవలెను. ఈ సంగతి తెలియక బడిగుమ్మమువరకును వచ్చి మరలిపోవు తండ్రులు కలరు. దానిని వారికి తెలియజెప్పుటకు గొప్ప విద్య అక్కరలేదు. తొమ్మిదవ తరగతి చదువు చాలును.

పూర్వులు పడవ కట్టుకొని బడిని బిడ్డయొద్దకు తీసికొనిపోయిరి. మనకు పడవ అక్కరలేదు. మన బడికిని ఆ షెడ్లకును నడుమ రోడ్డు మాత్రమే యున్నది. తలిదండ్రులును ఉపాధ్యాయులును అనుమతించి వెంటవచ్చినచో, శనివారమున ఒక గంట ఒక పలకతో ఆ రోడ్డు దాటవచ్చును. పాతపుస్తకములను అమ్మివేయక అచట ఇయ్యవచ్చును. మన ప్రభువు సీమోను దోనెలో కూర్చుండి గట్టునున్నవారికి బోధించెనని లూకా సువార్త అయిదవ అధ్యాయమున నున్నది. ఇప్పుడు గట్టున నున్నవారము మనము. దోనెలో నున్నవారు ఆ బిడ్డలు.

అభ్యాసము

1. కాకినాడనుండి చెన్నపట్టణమునకు కాలువలమీద 618 కిలోమీటర్లు. దినమునకు 30 కిలోమీటర్లచొప్పున ఎన్ని దినములు పట్టును? గాలి అనుకూలించి దినమునకు 45 కిలోమీటర్లు సాగినచో ఎన్ని దినములు మిగులును?

2. లాకు పటము గీసి, పడవ పైకి లేచు విధమును మీ మాటలలో వ్రాయుడు. తలుపుల మొన దిగువవైపున కున్నచో ఏమగును?

3. జాలరి తెల్లవారకముందు పోయి మధ్యాహ్నము తిరిగిన పిమ్మట వచ్చుటకు కారణమేమి?

4. మీ ఇంటిలో ఒకదినమున త్రాగుటకును వంటకును ఎన్ని లీటర్ల నీరు వాడుదురో కొలిచి, వారమునకు లెక్కకట్టుడు. ఆ నీటిని పడవలో మోయవలసివచ్చినచో దేనిని తగ్గింతురు?

5. మీ వీధిలో బడికి పోని బిడ్డలు కలరా? ఏల పోవుటలేదో వారి తలిదండ్రులను మర్యాదతో అడిగి తెలిసికొని, మీ తరగతి ఉపాధ్యాయునకు చెప్పుడు.

ఈ అయిదింటిలో మొదటి నాలుగింటికి మార్కులు కలవు. అయిదవదానికి మార్కులు లేవు; దానిని ముందు చేయుడు.